కృత్రిమ మేధ కాలంలో మన ఆలోచన

1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ చదరంగ విజేత గారీ కాస్పరోవ్‌ను ఓడించింది. అయినా మనుషులు చదరంగం మానలేదు. 2024లో మన గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. నేటి క్రీడాకారులు సాధనలో కంప్యూటర్ సాయం తీసుకుంటారు. పోటీలో బల్ల ముందు కూర్చున్నాక మాత్రం ప్రతి ఎత్తూ సొంత బుర్రతోనే వేయాలి. మన చదువుకూ ఇదే వర్తిస్తుంది.

చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ సాధనాలు ఎలా రాస్తాయి? మనుషులు రాసిన కోట్లాది వాక్యాల నుంచి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అవి నేర్చుకుంటాయి. ఆ అంచనాతోనే జవాబు అల్లుతాయి. అందుకే ఒక్కోసారి లేనిదాన్ని కూడా ఉన్నట్టే ధీమాగా చెబుతాయి.

ఒకసారి తరగతిలో 'మా ఊరు' గురించి రాయమన్నాం. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒక విద్యార్థి యంత్రంతో రాయించి తెచ్చాడు. ఒక్క అక్షరదోషం లేదు. ఊరి పక్కన గలగల పారే ఏరు కూడా ఉంది.

"మీ ఊళ్లో ఏరుందా?" అని అడిగాం.

"లేదు సార్, వేసవిలో ట్యాంకర్ వస్తుంది" అన్నాడు.

ఆ ట్యాంకర్ గురించే రాయమన్నాం. బిందెల వరుస, అవ్వ కేకలు, సగమే నిండిన కడవ, అన్నీ రాశాడు. నాలుగు తప్పులు దొర్లాయి. కానీ అది అతని ఊరే.

కాబట్టి విద్యార్థులారా, ముందు మనం ఆలోచిద్దాం. రెండు వాక్యాలైనా సొంతంగా రాద్దాం. ఆ తర్వాత యంత్రాన్ని అడుగుదాం. అది చెప్పినదాన్ని పుస్తకంతో, మన అనుభవంతో సరిచూద్దాం. మన ఊళ్లో ఏరుందో లేదో చెప్పవలసింది మనమే.