లోడు కట్టడం, పట్టా కప్పడం

మిరప కాయ చేతికి రావాలంటే నెలల తరబడి చాకిరి. కోసి, కల్లంలో ఎండబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలకు ఎత్తుతారు. ఆ టిక్కీలు లారీ ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోవాలి. దారి ఒక్క రాత్రే. ఆ రాత్రి బస్తాలు జారినా, వాన తగిలినా కష్టమంతా మట్టిపాలు. తడిసిన కాయ రంగు మారుతుంది. బూజు పడుతుంది. ధర పలకదు.

అందుకే లోడు ఎత్తేటప్పుడు రైతు దగ్గర ఉండి చూసుకోవాలి.

"ఇంత బరువుంది, ఎక్కడికి కదులుతుందిలే" అంటారు కొందరు. ఆ మాట తప్పు. లెక్క చూద్దాం. ఒక టిక్కీ సుమారు 45 కిలోలు. 200 టిక్కీలు ఎక్కిస్తే 9,000 కిలోలు. అంటే 90 క్వింటాళ్లు. లారీ వేగంగా పోతోంది. గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. మరి సరుకు? బస్సులో నిలబడ్డ మనిషి ముందుకు తూలినట్టే సరుకూ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపు సరుకు బరువులో సగం దాకా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఇక్కడ 45 క్వింటాళ్లన్నమాట!

కాబట్టి బస్తాలను ముందు గోడకు ఆనించి మొదలుపెట్టాలి. మధ్యలో సందు వదలకూడదు. ఇటుక గోడ కట్టినట్టు ఒక వరుస నిలువుగా, దాని పై వరుస అడ్డంగా వేయాలి. మిరపకాయ బరువు తక్కువ, చోటు ఎక్కువ పట్టే సరుకు. లోడు ఎత్తుగా లేస్తుంది. ఎత్తు పెరిగితే మలుపులో బండి ఒరుగుతుంది. అందుకని పైకి పోయేకొద్దీ గడ్డివాములాగా లోపలికి తగ్గిస్తూ పేర్చాలి. బండి బల్ల మీద ముందే ఒక పట్టా పరవాలి. చక్రాలు చిమ్మే నీళ్లు బల్లల సందుల్లోంచి పైకొస్తాయి.

ఇక తాళ్లు. పక్క తలుపులు లేని బండి అయితే అన్నిటికీ తాళ్లే ఆధారం. ఒక కొక్కెం నుంచి లోడు మీదుగా అవతలి కొక్కేనికి వేయాలి. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసను కొక్కెం కిందుగా తెచ్చి, ఉచ్చులో దూర్చి కిందికి లాగాలి. ఇలా లాగితే చేతి బలానికి మించి బిగుస్తుంది. పాత లారీ క్లీనర్లకు ఇది బాగా తెలుసు. వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. అంచు పదునుగా ఉన్నచోట తాడు కింద గోనెపట్టా మడిచి పెట్టాలి. పీచు లేచిన తాడు వాడనే వాడొద్దు.

పట్టా కప్పేముందు ఎండకేసి పట్టి చూడాలి. చిల్లు ఉంటే చుక్కలా మెరుస్తుంది. రెండు పట్టాలు వేసేటప్పుడు ముందు ఏది వేయాలి? వెనకది. దాని మీదికి ముందు పట్టా అంచు రావాలి. తాటాకు ఇల్లు కప్పేటప్పుడు కింది వరుస ముందు వేసి, పై వరుసను దాని మీదికి దించుతారు కదా, ఇదీ అంతే. తిరగేసి వేస్తే ఎదురుగాలి సందులో దూరి పట్టాను లేపేస్తుంది. లేచిన పట్టా చిరుగుతుంది. ఊడిపోతే వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడి మొహాన పడుతుంది. నీళ్లు నిలవకుండా మధ్యలో ఎత్తుగా ఉంచి, పట్టా మీద కూడా తాళ్లు బిగించాలి.

బయలుదేరాక పది, ఇరవై కిలోమీటర్లకు బండి ఆపాలి. కుదుపులకు బస్తాలు సర్దుకుంటాయి, తాళ్లు వదులవుతాయి. అన్నీ మళ్లీ బిగించాలి. చాలామంది చేయని పని ఇదే.

ఛార్జీ కలిసొస్తుందని కూలీలను లోడు మీద ఎక్కించుకుంటారు. ఇది మహా ప్రమాదం. బండి ఒరిగితే బస్తాల కింద మనిషి నలిగిపోతాడు. సరుకు బండి హద్దు దాటి బయటికి పొడుచుకొచ్చినా ప్రమాదమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం దానికి 20,000 రూపాయల జరిమానా, పైగా సరుకు దించే ఖర్చూ భరించాలి. ఇనుప కడ్డీలు వేసే బండ్ల వాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. చీకట్లో వెనక వచ్చేవాళ్లకు ఆ కడ్డీలు కనబడవు.

యార్డులో తాళ్లు విప్పేటప్పుడూ జాగ్రత్త. దారిలో బస్తాలు ఒక పక్కకు ఒరిగి, తాడు మీద ఆనుకొని ఉండొచ్చు. ముందు బండి చుట్టూ తిరిగి చూడాలి. ఒరిగిన వైపు ఎవరూ నిలబడకుండా చూసి, హమాలీలకు చెప్పి, అప్పుడు ముడి లాగాలి.