తొరపణమా, బరమానా? పాత పెట్టెలోని చిల్లు పనిముట్లు

చోళపురం, రాజపాళయం చుట్టుపక్కల పాత తెలుగిండ్లలో అటక దులిపితే చిల్లులు పెట్టే చేతి పనిముట్టు ఒకటి బయటపడొచ్చు. కరెంటు డ్రిల్లు వచ్చినాక దాని పని పోయింది, పేరూ పోతోంది. పాత ఇనుమోడికి తూకానికి వేసేముందు అదేమిటో కాస్త చూడండి.

ముందు పేరు సంగతి. ఆంధ్రలో ఎక్కువగా వినబడే మాట బరమా. హిందీ, ఉర్దూల్లోనూ అదే. పాత తెలుగు నిఘంటువుల్లో తొరపణం అని ఇంకో మాట కూడా ఉంది. మన పక్క తమిళ ఆశారి తురప్పణం అంటాడు, మలయాళంలోనూ అంతే. తమిళంలో ‘తుర’ అంటే తొలవడం. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళు తొరపణం అంటే, తమిళం కలిసిన తెలుగు అని తీసిపారేయకండి. అది తెలుగులోనూ పాతమాటే. కన్నడం వాళ్ళ దారి వేరు, వాళ్ళు బైరిగె అంటారు.

ఇక గుర్తుపట్టడం. అన్నిటికన్నా పాతది విల్లుతో తిప్పేది. నిలువు కర్ర, దాని కింద ఇనుప మొన, పైన చేత్తో అదిమి పట్టే పిడి. కర్రకు తాడు ఒక చుట్టు చుట్టి విల్లును ముందుకీ వెనక్కీ లాగుతారు. పెద్ద చిల్లయితే విల్లుండదు: ఒకరు అదిమి పట్టుకుంటే ఇంకొకరు తాడు రెండు కొసలూ మార్చి మార్చి లాగుతారు. విల్లు, తాడు పోయినా కర్ర నడుం చూడండి, తాడు రాసి రాసి అరిగుంటుంది. మొన చదునుగా, ఈటెలాగా ఉండి రెండు అంచులకూ పదును ఉంటుంది. కర్ర రెండువైపులా తిరుగుతుంది గదా, మొన కూడా రెండువైపులా గీకాలి. మెలితిరిగిన మొన ఒకవైపు తిరిగితేనే కోస్తుంది, విల్లుకు అది పనికిరాదు. ఆ మెలిక మొనకు అమెరికాలో స్టీఫెన్ మోర్స్ పేటెంటు తీసుకుంది 1863లో.

నడుమ వంకర పిడి ఉండి గుండ్రంగా తిప్పేదైతే అది బ్రేస్. దీనికి వేసే మొనల వెనక కొస నలుచదరంగా, సన్నబడుతూ ఉంటుంది. మొనను పట్టే చోట మరతో బిగించే గుల్ల, లోపల రెండు దవడలు ఉంటే అది 1864 తర్వాతిదే. ఆ ఏడే విలియం బార్బర్ దానికి పేటెంటు పొందాడు. మొనను చూసి మాత్రం వయసు కట్టొద్దు. మొనలు మారుస్తూనే ఉంటారు, ఒళ్ళే సాక్ష్యం.

పళ్ళచక్రంతో తిరుగుతూ పైన రొమ్ముకు ఆనించే పలక ఉంటే అది ఇనుము పనివాళ్ళది. మనది మిల్లుల ఊరు, రాజపాళయం మిల్స్ 1936లోనే పెట్టారు. ఫిట్టరు పని చేసినవాళ్ళ ఇంట ఇది కనబడితే ఆశ్చర్యమేముంది?

తుప్పు పోవాలని గరుకు కాగితంతో రుద్దకండి, చెక్కిన కంపెనీ పేరు అరిగిపోతుంది. నూనె గుడ్డ చాలు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఆ పదాలు ఏరింది ఆంధ్ర జిల్లాల్లో, మన ఊళ్ళలో కాదు. మీ ఇంట్లో దీన్నేమంటారో, విల్లుకూ తాడుకూ పైపిడికీ వేరే పేర్లుంటే అవేమిటో, పలికినట్టే రాయండి. ఏ ఊరు, ఏ పని చేసే ఇల్లు అన్నది కూడా చెప్పండి.