స్లాబ్ బలం బస్తాల్లోనే లేదు

బంగారుపేటలోనైనా రాబర్ట్‌సన్‌పేటలోనైనా ఇల్లు కట్టేవాళ్లు ఇనుము, సిమెంటు ధరల దగ్గర గట్టిగా బేరమాడతారు. ఇసుకనూ నీళ్లనూ మేస్త్రికి వదిలేస్తారు. స్లాబ్ దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

అపోహ: పది చదరాల (వెయ్యి చదరపుటడుగుల) ఇంటికి 5 అంగుళాల స్లాబ్ అంటే 417 ఘనపుటడుగులు. అంత సరుకు దింపితే చాలు.

వాస్తవం: అది తడి కాంక్రీటు లెక్క. కలిపేటప్పుడు కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరి మొత్తం కుంగుతుంది. అందుకే 1.54తో హెచ్చవేయాలి. 1:1½:3 (సిమెంటు:ఇసుక:కంకర) పాళ్లకు దాదాపు 95 బస్తాల సిమెంటు, 175 ఘనపుటడుగుల ఇసుక, 350 ఘనపుటడుగుల కంకర పడతాయి. దూలాలు, సన్‌షేడ్లు, వృథా వేరే.

అపోహ: ఏటి ఇసుకైతేనే స్లాబ్ నిలుస్తుంది, ఎం-శాండ్ (రాయిని పగలగొట్టి చేసే ఇసుక) నమ్మకూడదు.

వాస్తవం: పాలారు, దక్షిణ పినాకిని ఈ సీమ మీదుగా పోతున్నా ఏడాదంతా పారవు. ఏటి ఇసుకకు వచ్చిన ఆ కరువులోనే మట్టిని కడిగి తీసిన ‘ఫిల్టర్ ఇసుక’ ఏటి ఇసుక పేరుతో చలామణీ అయింది. అందులో మిగిలిన బంకమన్ను సిమెంటును రేణువులకు పట్టనివ్వదు. గాజుగ్లాసులో ఇసుక, నీళ్లు పోసి బాగా కుదిపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన మట్టిపొర మందంగా పేరుకుంటే లోడు వెనక్కి పంపండి, మొహమాటపడొద్దు. సరిగా జల్లెడపట్టి కడిగిన ఎం-శాండ్‌ను ఐఎస్ 383 ప్రమాణం 2016లోనే ఒప్పుకుంది. క్రషర్ పొడి మాత్రం ఎం-శాండ్ కాదు. కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) సైనైడ్ దిబ్బల మన్ను అసలే వద్దు. బంగారం కోసం పిండిగా నూరిన రాయి అది. అంత మెత్తని పొడి నీళ్లు ఎక్కువ తాగి బలాన్ని తగ్గిస్తుంది.

అపోహ: కాంక్రీటు జారుగా ఉంటేనే మూలమూలకూ చేరుతుంది.

వాస్తవం: మూలలకు చేర్చడం వైబ్రేటర్ పని. ఎం20 కాంక్రీటును (పైన చెప్పిన 1:1½:3 మిశ్రమం) పాళ్ల లెక్కన కలిపితే 50 కిలోల బస్తాకు నీళ్లు 30 లీటర్లు మించకూడదని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఇసుకలోని తడి కూడా అందులో లెక్కే. ఎక్కువైన నీరు ఆవిరై సన్నని రంధ్రాలు మిగులుస్తుంది, వాటిగుండానే వాన తేమ ఇనుమును చేరుతుంది.

అపోహ: రెండు రోజులు తడిపితే చాలు.

వాస్తవం: మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పోజోలానా సిమెంటుకు (పీపీసీ) 10 రోజులు తడి ఆరకూడదు. ట్యాంకరు నీళ్లు కొనే ఊళ్లలో ఇది భారమే. గోనెపట్టాలు పరిచి తడిపితే నీళ్లు ఆదా అవుతాయి. గది వెడల్పు 15 అడుగులు దాటితే మామూలు సిమెంటుకైనా కింది పోట్లను 14 రోజులదాకా కదపవద్దు.