సహ రూపకల్పన (ప్రజారోగ్య పరిశోధన)

'''సహ రూపకల్పన''' అనగా పరిశోధకులు, రోగులు, గ్రామస్థులు, ఆరోగ్య కార్యకర్తలు, అధికారులు కలసి పరిశోధనాంశాన్ని నిర్ణయించి, సమాచారాన్ని సేకరించి, ఫలితాలను పరిశీలించి, పరిష్కారాన్ని రూపొందించే పద్ధతి. సాధారణ సర్వేలో ప్రజలు సమాధానాలు చెప్పేవారు మాత్రమే. ఈ పద్ధతిలో వారు నిర్ణయాలలోనూ భాగస్వాములు. దీని ఆచరణలో ఎదురయ్యే సమస్యలను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మూత్రపిండాల వ్యాధి ఆధారంగా గ్రహించవచ్చు.

== నేపథ్యం ==
తమ ఆరోగ్య సంరక్షణ ప్రణాళికలో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన పేర్కొన్నది. జార్ఖండ్, ఒడిషాలలో ఏక్‌జుట్ అనే సంస్థ గ్రామీణ మహిళా బృందాలతో ఒక అధ్యయనం నిర్వహించింది. శిశు మరణాల కారణాలను మహిళలే చర్చించి, పరిష్కారాలను ఎంచుకున్నారు. 2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆ గ్రామాలలో నవజాత శిశు మరణాలు మూడేళ్ళలో 32 శాతం తక్కువగా నమోదయ్యాయి.

== ఉద్దానం ==
శ్రీకూర్మానికి ఈశాన్యంగా, తీరం వెంబడి ఒడిషా సరిహద్దు వైపు కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో ఉద్దానం విస్తరించి ఉన్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది ప్రసిద్ధి. ఇక్కడ మధుమేహం వంటి సాధారణ కారణాలు లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో వయోజనులలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి కనిపించింది. తాగునీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యత మొదలైనవాటిని అనుమానించినా, ఏ ఒక్కటీ కారణంగా నిర్ధారణ కాలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధి ఉన్నది.

== సవాళ్ళు ==
* '''ప్రాధాన్యతల భేదం''': పరిశోధకులు వ్యాధి కారణాన్ని వెదకుతారు. రోగి కుటుంబానికి డయాలసిస్, మంచినీరు, కుటుంబ పోషణ ముందు అవసరాలు. చర్చను మొదటి వర్గమే నిర్ణయిస్తే సహ రూపకల్పన పేరుకే మిగులుతుంది.
* '''కూలి నష్టం''': సమావేశానికి వస్తే ఆ పూట కూలి పోతుంది. పరిహారం లేకపోతే తీరికగలవారే హాజరవుతారు. వ్యాధి భారం మోసేవారి మాట వినిపించదు.
* '''హోదా భేదం''': వైద్యులు, అధికారుల ఎదుట కూలీలు, మహిళలు మాట్లాడటానికి సంకోచిస్తారు. వారితో ముందుగా విడిగా సమావేశమవడం ఉపయోగకరం.
* '''భాష''': ఇక్కడ తెలుగుతో పాటు ఒడియా మాట్లాడేవారూ ఉన్నారు. "క్రియాటినిన్" వంటి పదాలను వాడుక మాటలలో వివరించవలసి ఉంటుంది.
* '''ఫలితాల వెల్లడి''': రక్తం, మూత్రం నమూనాలు ఇచ్చినవారికి ఫలితం తెలపకపోతే మరుసటి బృందంపై నమ్మకం ఉండదు.
* '''అపవాదు''': గ్రామాల పేర్లు బయటకు వస్తే పెళ్ళి సంబంధాలకు ఇబ్బంది కలగవచ్చు. కనుక ప్రచురించే అంశాలను గ్రామస్థులతో ముందే చర్చించాలి.

== సమన్వయకర్త పాత్ర ==
సమన్వయకర్త ఇరుపక్షాలకూ జవాబుదారీ. వ్యాధి కారణం ఇంకా తెలియదని దాచకుండా చెప్పడం, తీరని హామీ ఇవ్వకపోవడం ఇతని ముఖ్య విధులు. నిధులు, గడువులు ముందే ఖరారైన పరిశోధనలో ప్రజల సూచనల మేరకు మార్పులు చేయడం కష్టం. అందువలన ప్రణాళిక దశలోనే వారిని చేర్చుకోవడం అవసరం.

== ప్రభుత్వ చర్యలు ==
2023 డిసెంబరు 14న ఉద్దానం రక్షిత తాగునీటి పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించారు. కారణం తేలేవరకు ఆగకుండా నీరు, చికిత్స అందించవచ్చునని ఇవి తెలుపుతున్నాయి. అయితే సదుపాయాల కల్పన వేరు, సహ రూపకల్పన వేరు. నిర్ణయాలలో గ్రామస్థులకు ఎంత పాత్ర లభించిందన్నదే రెండవదానికి కొలమానం.