ఆవు ఒంటిమీద గడ్డలు

ఆవు నిన్నటిదాకా బాగానే మేసింది. ఇవాళ గడ్డి ముట్టలేదు. కళ్ళవెంట, ముక్కువెంట నీరు కారుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజులకు మెడమీద, వీపుమీద, పొదుగుమీద గడ్డలు లేచాయి. కొన్ని రేగుపండంత, కొన్ని నిమ్మకాయంత. పాలు సగానికి సగం తగ్గాయి.

ఇది ముద్దచర్మ వ్యాధి. డాక్టర్లు లంపీ స్కిన్ అంటారు. మన దేశంలో దీన్ని మొదట 2019లో ఒడిశాలో గుర్తించారు. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో వేలాది పశువులు చచ్చిపోయాయి.

గడ్డలు చూసి "అమ్మవారు పోసింది" అని కొందరు వేపమండలు కట్టి ఊరుకుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇది మశూచి జాతి వైరస్సే. వేప కూడా మంచిదే. కానీ కట్టి ఊరుకుంటే చాలదు.

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. మరి మనం చేసేదేమిటి? గడ్డ పగిలితే పుండవుతుంది. పుండుమీద ఈగ వాలితే పురుగు పడుతుంది, చీము పడుతుంది. పశువు ఇంకా చిక్కిపోతుంది. ఆ పుండును కాపాడటం మన చేతిలో పని.

వేపాకు వేసి మరిగించిన నీళ్ళు చల్లార్చి పుండు కడగండి. మెత్తని పాతగుడ్డతో తడి అద్దండి. గడ్డను పిసకవద్దు, పొక్కు పీకవద్దు. తర్వాత ఈ నూనె రాయండి. వేపాకు, కుప్పింటాకు, గోరింటాకు, తులసాకు ఒక్కో గుప్పెడు, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు కలిపి నూరాలి. అర లీటరు కొబ్బరినూనెలోగాని, నువ్వులనూనెలోగాని కాచి చల్లార్చాలి. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చెప్పిన మందు ఇది. పురుగులు పడితే కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పెట్టాలి. సీతాఫలం ఆకు నూరి పెట్టినా పురుగులు పోతాయి. కానీ ఆ పసరు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, జాగ్రత్త.

కిరసనాయిలు, పాత ఇంజను ఆయిలు, పంటకు కొట్టే పురుగుమందు మాత్రం రాయవద్దు. పశువు ఒళ్ళు నాక్కుంటుంది కదా! విషం లోపలికి పోతుంది.

జబ్బు పశువును వేరే చోట కట్టేయండి. జోరీగలు, దోమలు, పిడుదులు దీన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మోస్తాయి. సాయంత్రం వేపాకు పొగ వేయండి. పేడ కొట్టం పక్కనే కుప్ప పోయకండి. దూడను తల్లి దగ్గర వదలకుండా, పాలు కాచి చల్లార్చి తాగించండి. మనుషులకు ఈ జబ్బు రాదు. పాలు కాచుకుని తాగవచ్చు.

జ్వరానికి, చీముకు సూదిమందు డాక్టరే వేయాలి. పశువు లేవలేకపోయినా, మేత మానేసినా, ఆయాసపడినా ఆగవద్దు. పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. లేదా 1962 నంబరుకు ఫోను చేయండి, డబ్బు పడదు. జబ్బు రాని పశువులకు టీకా ఉంది. ఇంట్లో ఒక ఆవుకు గడ్డలు కనిపించిన రోజే మిగతావాటి సంగతి కూడా డాక్టరును అడగండి.