పాలబండి ఖర్చు ఎవరి లెక్కలో పడాలి?

మహాజన సభలో ఏటా ఒక కాగితం చదువుతారు. అందులో "రవాణా, శీతలీకరణ, ఇతర ఖర్చులు – లీటరుకు ఇంత" అని ఒకే ఒక అంకె ఉంటుంది. సభ్యులు వింటారు, చేతులెత్తుతారు, కాగితం ఆమోదం పొందుతుంది. ఆ అంకె ఎలా వచ్చినదని అడిగేవారు తక్కువ. ఏడాది ఖర్చును ఏడాదిలో వచ్చిన పాలతో భాగిస్తే వచ్చినదే అది. భాగహారంలో తప్పు లేదు. కాని ఆ అంకెను పట్టుకొని ఫలానా పల్లెకు బండి పంపాలా, ఆపాలా అని తేల్చబోతే మాత్రం దారి తప్పుతాము. సభ్యుని చేతికి అందే పాలధర ఇటువంటి నిర్ణయాల మీదనే ఆధారపడి ఉన్నది. అందుచేత ఆ అంకెను ఈసారి కొంచెం విడదీసి చూద్దాము.

తడ ప్రాంతాన్ని తీసుకుందాము. ఈ మండలం 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నది. నడుమ చెన్నై – కోల్‌కతా రహదారి, దాని వెంట రైలు మార్గం. తూర్పున పులికాట్ సరస్సు, పాతతరం వారి మాటలో ప్రళయకావేరి. ఇరకం దీవి నుంచి మనిషి ఒడ్డుకు రావాలంటే పడవ ఎక్కాలి. పడమట వరదయ్యపాళెం, సత్యవేడు వైపు మెట్ట పల్లెలు, కొండలు. దక్షిణాన తమిళనాడు సరిహద్దు, రెండు గంటల ప్రయాణంలో చెన్నై మహానగరం. ఇటువంటి చోట రహదారి పక్క పల్లెలోని లీటరు పాలకు, సరస్సు అంచు పల్లెలోని లీటరు పాలకు సేకరణ ఖర్చు ఒకటే అని చెబితే బండి తోలే డ్రైవరు కూడా నమ్మడు.

ఒక చిన్న లెక్క వేద్దాము. ఈ అంకెలు విషయం తేటపడడానికి మేము వేసుకున్నవి, ఏ సంఘానివీ కావు.

ఒక బండి రెండు సంఘాల పాలు తెస్తున్నది. రహదారి సంఘం రోజుకు 900 లీటర్లు పోస్తుంది. సరస్సు అంచు సంఘం 100 లీటర్లు పోస్తుంది. రోజు ఖర్చు మొత్తం రూ. 3,000. సగటు లీటరుకు రూ. 3. ఇప్పుడు ఆ మూడు వేలు ఏ ఏ పనులకు పోయాయో చూడండి. బండి 60 కిలోమీటర్లు తిరిగినది, కిలోమీటరుకు రూ. 25 చొప్పున రూ. 1,500. శీతలీకరణ కేంద్రంలో పాలు దించుకొని, కొలిచి, నమూనా తీసి వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. పరీక్ష చేయడానికి సంఘానికి రూ. 150, రెండింటికి రూ. 300. నలభై లీటర్ల క్యాన్లు 26, కడిగి ఆవిరి పట్టడానికి క్యానుకు రూ. 10 వంతున రూ. 260. చల్లబరచడానికి లీటరుకు 60 పైసలు, అంటే రూ. 600. బిల్లులు, ఖాతాలు సంఘానికి రూ. 170, రెండింటికి రూ. 340.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఈ ఐదు పనులలో లీటర్లతో పాటు పెరిగే పని చల్లబరచడం ఒక్కటే. బండి ఖర్చు కిలోమీటర్లతో పెరుగుతుంది. పరీక్ష ఖర్చు నమూనాల సంఖ్యతో పెరుగుతుంది. వంద లీటర్లు తెచ్చినా, తొమ్మిది వందలు తెచ్చినా సంఘానికి ఒక నమూనా, ఒక బిల్లు. క్యాను సగమే నిండినా కడగడం మాత్రం మొత్తం కడగాలి.

60 కిలోమీటర్లలో 24 కిలోమీటర్లు సరస్సు సంఘం కోసమే రహదారి దిగి వెళ్ళి రావడం, అది రూ. 600. మిగిలిన 36 కిలోమీటర్ల రూ. 900 ఇద్దరికీ పాలను బట్టి పంచితే రహదారి సంఘానికి రూ. 810, రెండవదానికి రూ. 90. క్యాన్లు ఒకరివి 23, ఒకరివి 3. అన్నీ కలిపితే రహదారి సంఘం మీద పడేది రూ. 1,900, అంటే లీటరుకు రూ. 2.11. సరస్సు సంఘం మీద పడేది రూ. 1,100, అంటే లీటరుకు రూ. 11. సగటు చెప్పిన మూడు రూపాయలు ఈ రెండింటిలో ఎవరికీ నిజం కాదు.

ఈ విధమైన లెక్కకు యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ అని పేరు. మనం పనులవారీ ఖర్చు లెక్క అనుకోవచ్చు. దీనిని పాలవారు కనిపెట్టలేదు. 1980లలో అమెరికాలో హార్వర్డ్ ఆచార్యులు రాబర్ట్ కప్లాన్, రాబిన్ కూపర్ దీనికి రూపం ఇచ్చారు. అంతకు ముందు కర్మాగారాలలో పైఖర్చులన్నిటినీ కూలీల గంటలను బట్టి పంచేవారు. యంత్రాలు పెరిగి కూలీల వాటా తగ్గిన తరువాత కూడా అదే పద్ధతి సాగినది. ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీకి విడిభాగాల కర్మాగారం ఒకటి ఉండేది. అక్కడ విరివిగా చేసే భాగాలకు ఖర్చు ఎక్కువగాను, ఎప్పుడో కొన్ని చేసే భాగాలకు తక్కువగాను లెక్కలో కనబడేది. నిజం దానికి ఎదురు. యంత్రాన్ని ఒక భాగం నుంచి ఇంకొక భాగానికి మార్చి సర్దడానికి పట్టే శ్రమ, పది చేసినా పదివేలు చేసినా దాదాపు ఒకటే కదా! మన సగం నిండిన క్యాను కథ కూడా అదే.

ఇప్పుడు అసలు చిక్కు. లీటరుకు రూ. 11 అని తేలగానే "అయితే ఆ పల్లెకు బండి ఆపండి" అనేవారు లేస్తారు. తొందర పడరాదు. బండి ఆపితే రూ. 1,100 మిగలవు. బండి అద్దె, డ్రైవరు జీతం, పరీక్షకుని జీతం, గుమాస్తా జీతం అలాగే ఉంటాయి. కిలోమీటరు ఖర్చు రూ. 25లో డీజిలు, టైర్ల వంతు రూ. 15 అనుకుంటే 24 కిలోమీటర్లకు రూ. 360. క్యాన్ల సోడా, కరెంటు మరొక రూ. 60. నిజంగా మిగిలేది రూ. 420. పోయేది ఎంత? పాలధర, ప్యాకింగు, అమ్మకం ఖర్చులు పోను, సేకరణ ఖర్చు తీయక ముందు లీటరుకు రూ. 5 మిగులుతున్నదనుకుంటే, వంద లీటర్లకు రూ. 500 పోతుంది. బండి ఆపినందువల్ల రోజుకు రూ. 80 నష్టమే వస్తుంది. పైగా ఆ పల్లె సభ్యులు దళారి చేతిలో పడతారు. ఒకసారి వెళ్ళిన సభ్యుడు తిరిగి సంఘానికి రావడం ఎంత కష్టమో పాలకవర్గాలకు చెప్పనక్కరలేదు.

ఈ లెక్క ఏ పని ఖర్చు తెస్తున్నదో చూపుతుంది, ఎవరిని తీసివేయాలో చెప్పదు. ఇక్కడ ఖర్చు తెస్తున్నది ఆ 24 కిలోమీటర్లు. పల్లెలోనే ఒక ఆటోవానికి రోజుకు రూ. 250 ఇచ్చి మూడు క్యాన్లు రహదారి దగ్గరకు చేర్పిస్తే రూ. 360 డీజిలు మిగులుతుంది, చేతిలో రూ. 110 నిలుస్తుంది. బండి కేంద్రానికి ముందుగా చేరుతుంది. మన ఎండలకు ఆ ముందు చేరడమే పెద్ద లాభం. పితికిన పాలు ఎంత త్వరగా నాలుగు డిగ్రీలకు దిగితే అంత మంచిది. ఆలస్యమై విరిగిన పాల నష్టం రవాణా పద్దులో ఎక్కడా కనబడదు. అది మరొక పేజీలో "పులిసిన పాలు" అని వేరే పద్దుగా ఉంటుంది. రెండు పేజీలనూ కలిపి చదివేవారు లేకపోవడమే లోపం.

ఖాళీగా ఉన్న యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. 5,000 లీటర్ల బల్క్ కూలరుకు రోజుకు స్థిరఖర్చు రూ. 2,000 అనుకుందాము. నిండా పాలు వస్తే లీటరుకు 40 పైసలు. సగమే వస్తే 80 పైసలు. ఆ పెరిగిన 40 పైసలను సభ్యుని ధరలో కోసినామనుకోండి, కొందరు ప్రైవేటు డెయిరీ బండికి పాలు పోస్తారు. పాలు 2,000 లీటర్లకు పడిపోతే ఖర్చు రూపాయి అవుతుంది. మళ్ళీ కోత, మళ్ళీ కొందరు వెళ్ళడం. చెన్నై మార్కెట్టు కోసం పోటీపడి పాలు కొనే మన సరిహద్దు ప్రాంతంలో ఈ జారుడు చాలా వేగంగా జరుగుతుంది. అందువలన వాడని సామర్థ్యపు ఖర్చును పోసే సభ్యుని మీద వేయక, "ఖాళీ సామర్థ్యం" అని వేరే వరుసలో చూపాలి. కప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో ఈ పద్ధతిని నిమిషాల లెక్కతో సులువు చేసినప్పుడు గట్టిగా చెప్పినది ఇదే. ఖాళీ ఎంతో తెలిస్తే దానిని నింపవలసిన బాధ్యత ఎవరిదో కూడా తెలుస్తుంది. అది పాలకవర్గానిది, యాజమాన్యానిది.

పట్టణ డెయిరీలో ప్యాకెట్లకూ ఇదే న్యాయం. వెయ్యి లీటర్లను అరలీటరు ప్యాకెట్లుగా చేస్తే 2,000, రెండువందల మిల్లీలీటర్లుగా చేస్తే 5,000. పాలు అవే, ఫిల్ము, అతుకు, లెక్కింపు వేరు.

బడ్జెటు సంగతి

పనుల లెక్క జరిగిన దానిని చెబుతుంది. జరగబోయే ఏడాదిని ముందే అంకెలలో పెట్టేది మాస్టర్ బడ్జెటు. చికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా ఉన్న జేమ్స్ మెకిన్సీ 1922లో బడ్జెటు అదుపు మీద పుస్తకం వ్రాసిన నాటి నుంచి వ్యాపార సంస్థలలో దీని వరుస ఇంచుమించు ఒకటే. ముందు అమ్మకాల అంచనా, దానిని బట్టి ఉత్పత్తి, దానిని బట్టి ముడిసరుకు, కూలి, పైఖర్చులు, ఆ పైన నగదు రాకపోకలు, చివరకు లాభనష్టాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టిక. ఒకదాని అంకె ఇంకొకదానికి మూలం. అందుకే దానిని ఒక్క బడ్జెటు అనడం కన్నా బడ్జెట్ల కుటుంబం అనడం సబబు.

సహకార డెయిరీకి ఈ వరుస అలాగే పనికిరాదు. బిస్కట్ల కర్మాగారం అమ్మకం తగ్గితే మైదా కొనడం తగ్గిస్తుంది. మనం "ఈ వారం ఆవును పితకవద్దు" అని సభ్యునితో అనగలమా? అతడు తెచ్చిన పాలు తీసుకోవడమే సంఘం పుట్టుకకు కారణం. కాబట్టి మన బడ్జెటుకు రెండు మొదళ్ళు ఉన్నాయి, ఇటు సేకరణ, అటు అమ్మకం. నెలవారీగా రెండింటినీ పక్కపక్కన వేస్తే ఏ నెలలో పాలు మిగులుతాయో, ఏ నెలలో చాలవో కనబడుతుంది. ఏడాది మొత్తానికి వేస్తే ఏమీ కనబడదు, మిగులు తగులూ కలిసిపోయి అంతా సరిపోయినట్లే ఉంటుంది.

మిగిలిన పాలను వెన్నగా, పొడిగా చేస్తాము. అది మంచిదే. అయితే నగదు బడ్జెటు చూడకుండా చేస్తే అక్కడే పీకలమీదికి వస్తుంది. రోజుకు 10,000 లీటర్ల మిగులు రెండు నెలలు వచ్చినదనుకోండి, మొత్తం 6 లక్షల లీటర్లు. లీటరుకు రూ. 40 వంతున సభ్యులకు చెల్లించవలసినది రూ. 2.40 కోట్లు. పాలపొడి 50 టన్నులకు అటూ ఇటూ గోదాములో ఉన్నది, వెన్న శీతల గిడ్డంగిలో ఉన్నది. లాభనష్టాల పట్టికలో నష్టం కనబడదు, సరుకు నిల్వగా విలువ కట్టి చూపుతారు. కాని సభ్యునికి పక్షం బిల్లు పాలపొడితో ఇవ్వలేము. అతడు దాణా కొట్లో బాకీ తీర్చాలి. ఒక పక్షం బిల్లు తప్పినదంటే మరుసటి పక్షానికి పాలు తగ్గుతాయి. నగదు బడ్జెటు ముందే వేసుకున్నవారు ఆ రెండు నెలల కోసం బ్యాంకు అప్పును నాలుగు నెలల ముందే అడిగి ఉంచుకుంటారు. లేనివారు బిల్లు రోజున పరుగెత్తుతారు.

చిత్తూరు సహకార డెయిరీ నష్టాలలో మునిగి 2002లో మూతపడినది. కారణాల మీద నేటికీ వాదాలున్నాయి, వాటిలోకి మేము పోము. మూతపడిన డెయిరీని మళ్ళీ తెరవడానికి పూనిక ఎంత ఆలస్యమైనదో మాత్రం అందరూ చూచినదే. 2023 జూలైలో అమూల్ ద్వారా పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగే నాటికి ఇరవై ఏళ్ళు గడిచినవి. అన్నేళ్ళు ఏ పశువూ కాచుకొని ఉండదు. నష్టం నెలనెలా పట్టికలో కనబడుతుంటే సభ్యుడు సభలో లేచి అడగడానికి వీలుంటుంది.

బడ్జెటును పనుల లెక్కతో ముడివేస్తే ఇంకొక మేలు. "గత ఏడాది రవాణాకు ఇంత అయినది, ఈ ఏడాది పది శాతం కలుపుదాం" అనే అలవాటు పోతుంది. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మజిలీలు, ఎన్ని క్యాన్లు, ఎన్ని నమూనాలు అని ముందు వ్రాసి, ఆ తరువాత ధర వేయాలి. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, వాయుగుండాలు. ఆ నెలలకు చుట్టుదారి కిలోమీటర్లు విడిగా వ్రాయాలి. నెలాఖరున పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పాలు అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చి ఖర్చు పెరిగితే అది కార్యదర్శి తప్పు కాదు. వచ్చిన పాలకు తగినట్లు బడ్జెటును సవరించి, ఆ సవరించిన అంకెతోనే పోల్చాలి.

ఇదంతా పెద్ద ఆఫీసుల పని అని సంఘాలు అనుకోనక్కరలేదు. రెండు పక్షాల పాటు ఒక నోటు పుస్తకంలో ఆరు గళ్ళు గీసి రోజూ నింపితే చాలు: బండి వచ్చిన వేళ, ఆగిన నిమిషాలు, నిండు క్యాన్లు, సగం క్యాన్లు, కేంద్రం చేరిన వేళ, తిరిగి వచ్చిన పాలు. బండి కిలోమీటర్లు డ్రైవరు ట్రిప్ షీటులో ఉంటాయి, అడిగి ఎక్కించుకోండి. ఏప్రిల్ నుంచి కొత్త లెక్కల ఏడు గనుక, ఫిబ్రవరిలో బడ్జెటుకు కూర్చునే నాటికి ఆ పుస్తకం పాలకవర్గం బల్ల మీద ఉండేటట్లు చూడండి.