కారులోంచి ఎగిరిపడితే మేలా?

బస్సు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలుచున్నవాళ్లంతా ముందుకు తూలడం మీరు చూసే ఉంటారు. బస్సు ఆగింది గాని, లోపలి మనుషులు ఇంకా మునుపటి వేగంతోనే పోతున్నారు. దీన్ని జడత్వం అంటారని పాఠంలో చదువుకున్నారు. అయితే 1950లలోను, 1960లలో చాలాకాలం వరకు, ప్రపంచంలోకెల్లా నేర్పరులైన రేసు డ్రైవర్లలో ఎక్కువమంది సీటు బెల్టు కట్టుకునేవారు కాదు. ప్రమాదం జరిగితే కారులోంచి ఎగిరి అవతల పడడమే మేలని నమ్మేవారు!

వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల భయమంతా నిప్పు గురించే. ఆనాటి రేసు కారులో డ్రైవరు పక్కనే, పల్చని అల్యూమినియం రేకు చాటున, పెట్రోలు ఉండేది. కారు దేన్నైనా గుద్దుకుంటే రేకు చిరిగి పెట్రోలు చిమ్మేది. బెల్టుతో కట్టేసుకుని మంటల్లో చిక్కుకోవడం కంటే బయటపడడమే నయమని లెక్క వేసుకున్నారు. ఆ లెక్కలో పొరపాటెక్కడో చూద్దాం.

గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. కారులోంచి ఎగిరిపడిన మనిషి కూడా ఆ వేగంతోనే పోతాడు. చెట్టుకు తగిలి 10 సెంటీమీటర్లలో ఆగాడనుకోండి. v²ను 2s తో భాగిస్తే ఋణత్వరణం సెకను వర్గానికి 2000 మీటర్లు. అంటే గురుత్వ త్వరణానికి దాదాపు 200 రెట్లు! అదే మనిషి బెల్టుతో కారుకు అంటిపెట్టుకుని ఉండి, కారు ముందుభాగం నలుగుతూ 1 మీటరు దూరంలో ఆగితే, అది సుమారు 20 రెట్లే. ఆగడానికి దొరికిన దూరమే ప్రాణం నిలుపుతుంది. బయటికి ఎగిరినవాడికి ఆ దూరం దొరకదు.

ఈ పాఠం జాకీ స్టూవర్ట్ అనే స్కాట్లండు డ్రైవరుకు 1966 జూన్ 12న అనుభవమైంది. బెల్జియంలోని స్పా పందెం ఆ రోజుల్లో మామూలు రోడ్ల మీదే, ఒక్కో చుట్టు 14 కిలోమీటర్లు. బయలుదేరిన చోట పొడిగా ఉంది. అవతలి వైపు జోరువాన! మొదటి చుట్టులోనే అనేక కార్లు జారిపోయాయి. స్టూవర్ట్ కారు వేగం గంటకు సుమారు 265 కిలోమీటర్లు. ఆ వేగం రావాలంటే, గాలి నిరోధం లేదనుకుంటే, దాదాపు 275 మీటర్ల ఎత్తునుంచి పడాలి. నాగార్జునసాగర్ ఆనకట్టలు రెండింటిని ఒకదానిపై ఒకటి పేర్చినా ఆ ఎత్తు రాదు. కారు టెలిఫోను స్తంభాన్ని, ఒక పాకను గుద్దుకుని ఒక పల్లెటూరి ఇంటి దగ్గర ఆగింది. స్టీరింగు చక్రం కింద కాలు ఇరుక్కుంది. ఒళ్లంతా పెట్రోలుతో తడిసిపోయింది. ఒక్క నిప్పురవ్వ చాలు! అక్కడ సహాయకులెవరూ లేరు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ తమ పందెం సంగతి మరచి పరుగెత్తుకొచ్చారు. ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానరు అడిగి తెచ్చి, స్టీరింగు ఊడదీసి, సుమారు 25 నిమిషాలకు అతన్ని బయటికి లాగారు. తరువాత ఆసుపత్రికి తీసుకుపోతున్న అంబులెన్సు దారి తప్పింది!

ఆ తరువాత స్టూవర్ట్ తన కారులో ఎప్పుడూ ఒక స్పానరు అతికించుకుని తిరిగేవాడు. బెల్టులు కావాలి, రోడ్డు పక్క కంచెలు కావాలి, పందెం దగ్గర డాక్టరు ఉండాలి అని పోరాడాడు. పిరికివాడని అన్నవాళ్లూ ఉన్నారు. మూడుసార్లు ప్రపంచ విజేత అయినవాణ్ణి! హెల్మెట్టు పెట్టుకొచ్చినవాణ్ణి చూసి నవ్వేవాళ్లు మన బళ్లలోనూ ఉన్నారు లెండి.

బెల్టు వచ్చినంతమాత్రాన నిప్పు భయం పోలేదు. ఆస్ట్రియా తరఫున పోటీ చేసే యోఖెన్ రింట్ భుజాల పట్టీలు కట్టుకునేవాడు గాని, తొడల మధ్య నుంచి వచ్చే పట్టీలు కట్టుకునేవాడు కాదు. మంట వస్తే త్వరగా దూకాలని. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో కారు కంచెను గుద్దుకుంది. కింది పట్టీలు లేకపోవడంతో శరీరం ముందుకు జారింది, బెల్టే గొంతుకు తగిలి ప్రాణం తీసింది. ఆ ఏడాది ప్రపంచ విజేత అతడే. మరణించాక ఆ బిరుదు పొందినవాడు ఇప్పటికీ అతడొక్కడే.

అందువల్ల బెల్టును నమ్మాలంటే ముందు నిప్పును అదుపు చేయాలి. పెట్రోలును సులభంగా చిరగని రబ్బరు సంచుల్లో ఉంచడం, నిప్పంటని దుస్తులు, పూర్తి బెల్టులు, ఇవన్నీ కలిసి రావలసి వచ్చింది. ఫార్ములా వన్ పందేలలో 1972 నుంచి బెల్టు తప్పనిసరి అయింది.

ఇక్కడ మళ్లీ జడత్వమే ఎదురైంది. బెల్టు మొండేన్ని ఆపుతుంది, మరి తల? అది ముందుకే పోతుంది, మెడ భరించలేదు. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే ఆచార్యుడు, రేసు డ్రైవరైన తన బావమరిది కోసం ఆలోచించి, హెల్మెట్టును భుజాల మీది పట్టెడకు వారులతో కట్టే సాధనం తయారుచేశాడు. అది 2003లో ఫార్ములా వన్‌లో తప్పనిసరి అయింది. 2018లో తల చుట్టూ టైటానియం కడ్డీ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పందెం చూసినవాళ్లకు గుర్తుండాలి, డ్రైవరు ముందు పంగలకర్రలాగా కనిపించేది అదే. పేరు హేలో.

2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెలోకి దూసుకుపోయి రెండు ముక్కలై భగ్గుమంది. అర నిమిషంలోపే అతడు మంటల్లోంచి లేచి వచ్చాడు. చేతులు కాలాయి, అంతే. కంచె తలకు తగలకుండా ఆపింది హేలోయే. కొన్నేళ్ల కిందట, ఆ కడ్డీ మా కార్లకు వద్దని వాదించినవాళ్లలో గ్రోజాన్ ఒకడు.